పాత కారులో డ్యాష్‌బోర్డు వెలుతురు, అరిగిన సీట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన కార్లను శ్రద్ధగా నడుపుకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంజను బాగానే ఉన్నా రాత్రిపూట మీటరు సరిగా కనిపించకపోవడం, కూర్చుంటే సీటు కుంగిపోవడం అనే రెండు ఇబ్బందులు ఈ కార్లలో కొంచెం ముందువెనుకగా మొదలవుతాయి. వాటి గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల, పని జరిగే క్రమంలో వాటిని ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబూ విడిగా అర్థమయ్యేలా రాశాము కాబట్టి మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## పని మొదలుపెట్టే ముందు

ఇంత పాత కారు మీద ఇప్పుడు ఈ ఖర్చు పెట్టడం దండగేమో?

దానికి జవాబు సీట్ల కింద, కార్పెట్ అడుగున ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో కారు ఆయుష్షును చాలాసార్లు ఇంజను కంటే అడుగు రేకే నిర్ణయిస్తుంది. కార్పెట్ ఎత్తి, సీటు బోల్టులు బిగించిన చోట రేకును స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడండి. అది దిగబడితే ముందు అక్కడ వెల్డింగు చేయించాలి, లేదా కారునే మార్చుకోవాలి. రేకు గట్టిగా ఉంటే ఖర్చు పెట్టవచ్చు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగిశాక తనిఖీలో నెగ్గితే 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు కాబట్టి, ఆ రెన్యువలు దగ్గరపడుతున్నవారు అది పూర్తయ్యాకే సీట్ల మీద పెద్ద ఖర్చు పెట్టుకోవడం మేలు.

రెండు పనులూ చేయించాలనుకుంటున్నాను. డ్యాష్‌బోర్డు ముందా, సీట్లు ముందా?

ముందుగా కారులోకి నీరు ఎక్కడి నుంచైనా చేరుతోందేమో చూసి ఆపించాలి. తర్వాత డ్యాష్‌బోర్డు, చివర సీట్లు. మీటరు విప్పేవారు సీటు మీద మోకాళ్లు మోపి, పనిముట్లు పరిచి పని చేస్తారు కాబట్టి అప్పటికి పాత సీట్లే ఉండటం మంచిది. కొత్త వైరు ఏదైనా లాగించాలన్నా, సీట్లు కుట్టడానికి విప్పినప్పుడే కార్పెట్ కింద నుంచి శుభ్రంగా లాగించవచ్చు.

ఇలాంటి మార్పులకు ఆర్టీఏ ఆఫీసులో అభ్యంతరం ఉంటుందా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని చెబుతుంది. సీట్లను తిరిగి కుట్టించడం, మీటరు బల్బులు మార్చడం మరమ్మతు కిందికి వచ్చే పనులు. కానీ రిజిస్ట్రేషను సర్టిఫికెట్‌లో (ఆర్‌సీలో) సీట్ల సంఖ్య నమోదై ఉంటుంది కాబట్టి వెనుక సీటు తీసేయడం, అదనంగా సీటు బిగించడం వంటివి చేయకూడదు.

ఈ పనులు నేనే చేసుకోవచ్చా?

బల్బు మార్చడం, ఫ్యూజు చూడటం, కనెక్షన్లు శుభ్రం చేయడం ఓపిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. దానికి ఒక మల్టీమీటరు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ ప్యానెళ్లు ఊడదీసే ప్లాస్టిక్ పట్టీ చాలు. టంకం వేసి ఎల్‌ఈడీలు మార్చవలసిన మీటర్లను ఎలక్ట్రానిక్స్ తెలిసినవారికి ఇవ్వాలి. సీట్లు కుట్టడం మాత్రం ఇంటి కుట్టుమిషను మీద జరిగే పని కాదు. మందపు రెగ్జిన్‌కు దానికి తగిన బరువైన మిషను, చేయి తిరిగిన పనివారు కావాలి. గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల కారు వైరింగు పనివారు, కుషన్ పనివారు కొద్ది దూరంలోనే దొరుకుతారు.

మా కారులో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. అయినా విప్పవచ్చా?

మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు కార్లలో కూడా ఖరీదైన రకాలలో అవి ఉండేవి కాబట్టి కారు వయసును బట్టి లేవని అనుకోకండి. స్టీరింగు మధ్యలో, డ్యాష్‌బోర్డు ఎడమ భాగంలో, సీటు వీపు పక్కన ఉండే గుర్తులు చూడండి. ఉన్నట్లయితే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగిన తర్వాతే పని మొదలుపెట్టాలి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువే. వాటిని మల్టీమీటరుతో పరీక్షించకూడదు, ఊడదీయకూడదు. వాటిని కదపక తప్పని పని అయితే శిక్షణ పొందిన సర్వీసు కేంద్రానికే ఇవ్వండి.

## మీటరు వెలుతురు తగ్గినప్పుడు

కొత్త బల్బులు వేసినా మీటరు మసకగానే ఉంది. లోపం ఎక్కడ ఉంటుంది?

చాలా సందర్భాల్లో లోపం బల్బుకు చేరే వోల్టేజిలో ఉంటుంది. ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు సుమారు ముప్పై శాతం పోతుంది. ఎక్కడో ఒక తుప్పు పట్టిన కనెక్షను ఒకటిన్నర వోల్టు మింగేసినా బల్బు కొత్తదైనా పాతదానిలాగే కనిపించడానికి కారణం ఇదే.

మల్టీమీటరుతో చూసే క్రమం ఇది. ఇంజను నడుస్తుండగా, పార్కింగు లైట్లు వేసి, ముందు బ్యాటరీ దగ్గర కొలవండి; సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటుంది. తర్వాత డిమ్మరును (మీటరు వెలుతురు పెంచే, తగ్గించే చక్రాన్ని) పూర్తి వెలుతురులో ఉంచి, బల్బు వెలుగుతుండగానే హోల్డరు రెండు కాళ్ల మధ్య కొలవండి. ఈ రెండు అంకెల మధ్య ఒక వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే బల్బు మార్చి ప్రయోజనం లేదు. ఎర్తు వైరును, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారిని, అనుమానించడం మొదటి పని: బల్బు ఎర్తు కాలు నుంచి బ్యాటరీ నెగటివ్ వరకు కొలిచినప్పుడు రావలసింది దాదాపు సున్నా. అక్కడ అర వోల్టు కనిపించినా డ్యాష్‌బోర్డు వెనుక రేకుకు బిగించిన ఎర్తు బోల్టును విప్పి, ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, తిరిగి బిగించి, పైన కొంచెం వాజలిన్ రాయండి. కొత్త బల్బులు కొనడానికి ముందు ఈ అరగంట పని చేయాలని గట్టిగా చెబుతాము, ఎందుకంటే మీటరు వెలుతురు తగ్గిందని వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనితోనే తేరుకుంటాయి.

హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కానీ మీటరు పూర్తిగా చీకటిగా ఉంది. ఎందుకు?

ముందు కారు దిగి వెనుక లైట్లు చూడండి. చాలా కార్లలో మీటరు వెలుతురు, వెనుక టెయిల్ లైట్లు ఒకే ఫ్యూజు మీద నడుస్తాయి. మీటరు చీకటైందంటే వెనుక నుంచి వచ్చే లారీకి మీ కారు కనిపించడం లేదని కూడా కావచ్చు, కాబట్టి దీన్ని రేపటికి వాయిదా వేయకండి. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. అది మళ్లీ కాలితే ఎక్కడో వైరు రేకుకు తగులుతోందని అర్థం. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. టెయిల్ లైట్లు వెలుగుతూ మీటరు మాత్రమే చీకటిగా ఉంటే డిమ్మరు పూర్తిగా తగ్గించి ఉందేమో చూడండి. ఆ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చాలాసార్లు తిప్పితే లోపలి తీగ మీద పేరుకున్న మురికి పోయి వెలుతురు తిరిగి రావడం కూడా పాత కార్లలో మామూలే.

వైజాగ్‌లో ఈ కనెక్షను లోపాలు త్వరగా వస్తాయంటారు. నిజమేనా?

నిజమే. సముద్రం నుంచి వచ్చే గాలిలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని లోహం మీద తడి పొరగా నిలుస్తుంది, ఆ పొర కింద రాగి, ఇత్తడి, ఇనుము అన్నీ త్వరగా తుప్పు, చిలుము పడతాయి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు ఆరుబయట నిలిపే కార్లలో ఇది త్వరగా కనబడుతుంది. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, వైరును కోసి పట్టుకునే క్లిప్పులు ఈ ఊరికి పనికిరావు. టంకం వేసి లేదా సరైన పనిముట్టుతో నొక్కి బిగించి (క్రింపు చేసి), వేడికి ముడుచుకునే గొట్టం తొడిగిన అతుకులే నిలుస్తాయి. నల్ల పీవీసీ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది, దానికి బదులు వైరింగుకు వాడే గుడ్డ టేపు చుట్టించండి.

ఏ సైజు బల్బు కొనాలో ఎలా తెలుస్తుంది?

పాతదాన్ని చేతిలో పట్టుకుని కొనడమే సురక్షితం. గాజు అడుగే కాలుగా ఉండే చిన్న బల్బులు ఎక్కువగా టీ5 రకం 1.2 వాట్లు, పెద్దవి టీ10 రకం 5 వాట్లు ఉంటాయి. ప్లాస్టిక్ హోల్డరుతో కలిసే వచ్చి, పావు చుట్టు తిప్పితే ఊడేవి వేరే రకం. మీటరుకు 1.2 వాట్ల బల్బు ఉన్న చోట ఎక్కువ వాట్లది వేస్తే ఆ వేడికి హోల్డరు మెత్తబడుతుంది, వెనుక రాగి గీతలున్న పల్చటి ప్లాస్టిక్ సర్క్యూట్ కాగితం కమిలిపోతుంది.

ఫిలమెంటు బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేస్తే మంచిదేనా?

సరిగ్గా ఎంచుకుంటే మంచిదే. కరెంటు ఆదా కోసం అయితే అక్కర్లేదు, 1.2 వాట్ల బల్బు తీసుకునేది ఆంపియరులో పదో వంతు, నాలుగైదు బల్బుల ఆదా బ్యాటరీకి లెక్కలోకి రాదు. అసలు లాభం వేడి తగ్గడం, ఎక్కువ కాలం మన్నడం.

ఎంపికలో మూడు విషయాలు చూడాలి. మొదటిది వెలుతురు పడే దిక్కు. ఫిలమెంటు బల్బు అన్ని వైపులా వెలుగుతుంది, మీటరు డబ్బా లోపలి తెల్ల గోడల మీద పడి వెలుతురు పరుచుకుంటుంది. ఎదురుగా మాత్రమే వెలిగే ఎల్‌ఈడీ వేస్తే అంకెల మధ్య ఒకచోట తెల్లటి మచ్చ, మరోచోట చీకటి వస్తాయి. అందుకని పక్కలకు కూడా చిప్‌లు ఉన్న రకం తీసుకోవాలి. రెండోది రంగు. నీలి ఛాయ ఉన్న చల్లని తెలుపులో ఎరుపు భాగం తక్కువ కాబట్టి ఎర్రటి ముల్లు, నారింజ గీతలు వెలవెలబోతాయి. కొంచెం పసుపు కలిసిన వెచ్చని తెలుపు కంపెనీ వెలుతురుకు దగ్గరగా ఉంటుంది. మీటరు ముందు ఆకుపచ్చ వడపోత ఉన్న కార్లలో తెలుపు కంటే ఆకుపచ్చ ఎల్‌ఈడీయే స్పష్టంగా కనిపిస్తుంది. మూడోది తీవ్రత, దీన్నే చాలామంది పట్టించుకోరు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు వీధిదీపాలు ఉండవు, కన్ను చీకటికి అలవాటు పడి ఉంటుంది. ఎదురుగా మీటరు తెల్లగా మండుతుంటే ఆ అలవాటు పోతుంది, మలుపులో నడిచే మనిషి, పశువు ఆలస్యంగా కనిపిస్తాయి. షాపులో పగటిపూట అందంగా కనిపించిన బల్బును రాత్రి చీకటి రోడ్డు మీద చూసి గానీ ఖాయం చేయకండి.

ఎల్‌ఈడీలు వేయించినప్పటి నుంచి బ్యాటరీ చార్జు కావడం లేదు. సంబంధం ఉందా?

ఉంది. చాలా పాత కార్లలో ఆల్టర్నేటరు మొదలవడానికి కావలసిన తొలి కరెంటు, మీటరులోని ఎర్ర బ్యాటరీ గుర్తు బల్బు గుండానే వెళుతుంది. ఫిలమెంటు బల్బు తగినంత కరెంటును పోనిస్తుంది. ఎల్‌ఈడీ అంత పోనివ్వదు కాబట్టి ఆల్టర్నేటరు మేల్కోదు, లేదా ఇంజను బాగా రేజ్ చేసే వరకు చార్జింగు మొదలవదు. బ్యాటరీ గుర్తుకు మాత్రం కంపెనీ చెప్పిన వాటేజి ఫిలమెంటు బల్బునే ఉంచండి. అసలు ఆయిల్, బ్రేకు, బ్యాటరీ వంటి హెచ్చరిక గుర్తులను మార్చకుండా, అంకెల వెనుక వెలుతురుకు మాత్రమే ఎల్‌ఈడీలు వాడటం అన్నిటికంటే నిశ్చింత.

ఎల్‌ఈడీ వేశాక ఇండికేటరు గుర్తు ఒక వైపుకే వెలుగుతోంది. ఎందుకు?

కుడికీ ఎడమకీ కలిపి మీటరులో ఒకే గుర్తు ఉన్న కార్లలో ఆ బల్బును రెండు వైపుల వైర్ల మధ్య కలుపుతారు. ఒకవైపు వేసినప్పుడు కరెంటు ఇటు నుంచి అటు, రెండోవైపు వేసినప్పుడు అటు నుంచి ఇటు ప్రవహిస్తుంది. ఎల్‌ఈడీ ఒక దిశలోనే వెలుగుతుంది కాబట్టి ఒక వైపే కనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు తిరిగి వేయండి, లేదా ప్లస్ మైనస్ తేడా లేని ఎల్‌ఈడీ అడిగి తీసుకోండి. ఒక ఎల్‌ఈడీ అసలే వెలగకపోతే దాన్ని తిప్పి పెట్టి చూడండి.

మీటరు విప్పుతున్నాను. ఏది విరిగే ప్రమాదం ఉంది?

మూడు వస్తువులు. ముళ్లు, వెనుక సర్క్యూట్ కాగితం, స్పీడోమీటరు కేబులు. ముల్లును వేలితో కదిపినా అంకె తప్పవచ్చు, అందుకని దాన్ని ఊడదీయకుండానే పని ముగించాలి. వెనుక పల్చని ప్లాస్టిక్ మీద రాగి గీతలు ఉంటాయి, హోల్డరు తిప్పేటప్పుడు అంచు లేస్తే గీత తెగుతుంది. బల్బు కాలు తాకే చోట ఆ రాగిని ఉప్పుకాగితంతో రుద్దవద్దు, పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్దితే చిలుము పోతుంది. తీగ కేబులుతో నడిచే పాత స్పీడోమీటర్లలో మీటరును ముందుకు బలంగా లాగకూడదు. ఇంజను వైపు నుంచి కేబులును కొంచెం లోపలికి తోసి, చేయి వెనక్కి పెట్టి ప్లాస్టిక్ నాలుకను నొక్కితే అది వదులుతుంది. విప్పే ముందు ఫోనులో ఫొటోలు తీసుకోండి, స్క్రూలు ఏ రంధ్రానివి ఆ రంధ్రం పేరు రాసిన కాగితం మీద ఉంచండి. కిలోమీటర్ల రీడింగు ఎంత ఉందో కూడా ఫొటో తీసి, తిరిగి బిగించాక సరిచూసుకోండి.

మీటరు అద్దం గీతలు పడి పాలిపోయింది. మార్చాలా?

అది గాజు కాదు, ప్లాస్టిక్. ప్లాస్టిక్ పాలిషుతో మెత్తటి గుడ్డ పట్టి రుద్దితే సన్న గీతలు పోతాయి. థిన్నరు, పెట్రోలు, స్పిరిటు తగిలితే అద్దం తెల్లబారి పగుళ్లిస్తుంది.

ఏసీ నాబ్‌లు, స్విచ్‌ల వెనుక వెలుతురు పోయింది. అవి కూడా మార్చవచ్చా?

మార్చవచ్చు. కొన్నిటిలో విడిగా ఊడే బల్బు ఉంటుంది, కొన్నిటిలో టంకం వేసిన చిన్న బల్బు ఉంటుంది. రెండో రకానికి మామూలు తెల్ల ఎల్‌ఈడీ, దానికి వరుసలో 680 ఓముల అర వాటు రెసిస్టరు పెడితే 14.4 వోల్టుల దగ్గర కూడా ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంపియర్లకు మించి కరెంటు వెళ్లదు.

కాళ్ల దగ్గర ఎల్‌ఈడీ పట్టీ వేయించాలనుంది. ఎలా కలపాలి?

పార్కింగు లైట్లతో పాటు వెలిగేలా, దానికంటూ వేరే చిన్న ఫ్యూజు పెట్టి కలిపించండి. తలుపు తెరిచినప్పుడు వెలిగేలా కలిపితే ఇంకా మేలు. పట్టీ పెడల్స్ మీద వేలాడకుండా క్లిప్పులతో బిగించాలి, వెనుక ఉండే జిగురు మన ఎండకు నిలవదు. రంగులు మారుతూ మెరిసే పట్టీలను డ్యాష్‌బోర్డు పైభాగంలో పెట్టించవద్దు, వాటి ప్రతిబింబం ముందు అద్దంలో రోడ్డు మీద పడి కనిపిస్తుంది.

## సీట్లు: ఏం చేయించాలి

సీటు కుంగింది. మంచి కవర్లు వేస్తే సరిపోదా?

సరిపోదు. కవరు పైకి కనిపించే అరుగుదలను దాచుతుంది, కూర్చునే మనిషి బరువును మోయదు. సీటు కుంగితే డ్రైవరు కంటి మట్టం కిందికి దిగుతుంది. పొట్టిగా ఉన్నవారికి స్టీరింగు అంచు మీటరుకు అడ్డు వస్తుంది, బానెట్ ముందున్న రోడ్డు కొంత కనిపించకుండా పోతుంది. మీటరు కనిపించడం లేదని బల్బులు మార్చుకున్నవారిలో కొందరి అసలు ఇబ్బంది సీటుదే. సీటు కిందికి చేయి పెట్టి స్ప్రింగులను, వాటిని పట్టే కొక్కేలను తడమండి. తెగిన స్ప్రింగు, ఊడిన కొక్కెం ఉంటే అదే ముందు సరిచేయాలి. తర్వాత ఫోము మీద అరచేయి గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే నిండకపోతే ఫోము అయిపోయినట్టే. సీటు కింద కార్పెట్ మీద పసుపు పొడి రాలి ఉన్నా అదే సంగతి.

ఫోము ఏ డెన్సిటీ వేయించాలి?

కూర్చునే భాగానికి ఘనపు మీటరుకు 40 కిలోలు, అంతకు మించిన డెన్సిటీ అడగండి. 32 డెన్సిటీ వంటి తేలిక ఫోము వీపు భాగానికి పనికొస్తుంది, కూర్చునే చోట త్వరగా కుంగుతుంది. డెన్సిటీ చెప్పేది గట్టిదనాన్ని కాదు, మన్నికను. గట్టిగా తగిలే చౌక ఫోము కూడా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. కంపెనీ అచ్చు ఫోము మొత్తం పాడు కాకపోతే దాన్ని పారేయకుండా, కుంగిన భాగం మేరకే కోసి కొత్త ముక్క అతికించడం మెరుగైన పద్ధతి, ఎందుకంటే ఆ అచ్చు ఆకారాన్ని పలకల ఫోముతో తిరిగి తీసుకురావడం కష్టం.

రెగ్జిన్, లెదరెట్, లెదర్, గుడ్డ: వైజాగ్ వాతావరణానికి ఏది మంచిది?

ఈ ఊళ్లో వేడి, తేమ రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి, అందుకే వేరే ఊరి సలహా ఇక్కడ అక్షరాలా పనికిరాదు. మెత్తగా, చల్లగా తగిలే పీయూ (పాలియురేథేన్) పూత ఉన్న కృత్రిమ తోలు, అంటే పీయూ లెదరెట్, షాపులో అందరికీ నచ్చుతుంది. కానీ చౌక రకం పీయూ పొరలోని రసాయన బంధాలు వేడిలో తేమ తగిలితే విడిపోతాయి, కొన్నేళ్లకు పై పొర పొట్టులా ఊడిపోవడానికి కారణం అదే. దాన్ని ఏ పాలిషూ ఆపలేదు. పీవీసీ రెగ్జిన్‌కు తేమ వల్ల ఈ బాధ లేదు. దాని శత్రువు ఎండ. మెత్తదనం ఇచ్చే నూనెలాంటి పదార్థం వేడికి ఆవిరై పోయి రెగ్జిన్ బిరుసెక్కి పగులుతుంది, ఆ ఆవిరే ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొరగా పేరుకుంటుంది. అసలు తోలు అందమైనదే కానీ వానాకాలంలో బూజు పడుతుంది, క్రమం తప్పకుండా కండిషనరు రాయాలి. గుడ్డ చెమటను పీల్చి చల్లగా ఉంచుతుంది, తడిస్తే ఆరడానికి సమయం పడుతుంది.

మా అభిప్రాయం: నీడలో నిలిపే కుటుంబ కారుకు కూర్చునే, ఆనుకునే మధ్య భాగం నేసిన పాలియెస్టరు గుడ్డ, అరిగే అంచులు మందపు పీవీసీ రెగ్జిన్ వేసి కుట్టించడం ఈ ఊరికి అన్నిటికంటే బాగా కుదురుతుంది. చిన్నపిల్లలు, తినుబండారాలు, బీచ్ ఇసుక రోజూ ఎక్కే కారుకు మొత్తం రెగ్జిన్ అయినా తప్పు లేదు. లేత రంగులు తక్కువ వేడెక్కుతాయి, కాకపోతే పారిశ్రామిక ప్రాంతాల నల్ల ధూళి వాటి మీద వెంటనే కనిపిస్తుంది.

డ్రైవరు సీటు కుడి అంచు మాత్రమే చిరిగింది. మొత్తం కుట్టించాలా?

అక్కర్లేదు. మన కార్లలో డ్రైవరు కుడి తలుపు నుంచి ఎక్కి దిగుతాడు కాబట్టి ప్రతిసారీ ఒరుసుకునేది ఆ అంచే. ఆ ఒక్క ముక్కను విప్పి, లోపలి ఫోమును పూడ్చి, అదే ఆకారంలో కొత్త ముక్క వేసి కుట్టవచ్చు. రంగు కలవకపోతే ఎడమ సీటు అంచుకు కూడా అదే ముక్క వేయిస్తే కావాలని చేయించినట్టే ఉంటుంది.

మాది పాత అంబాసిడరు. లోపల కొబ్బరి పీచు ఉంది. ఫోము వేయించాలా?

స్ప్రింగులు గట్టిగా ఉంటే రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పలకనే తిరిగి వేయించి, దాని పైన పల్చటి ఫోము పొర ఇప్పించండి. పీచు గాలి ఆడనిస్తుంది, స్ప్రింగు ఫోములోకి దిగి కోయకుండా అడ్డుకుంటుంది. స్ప్రింగుల మీద నేరుగా ఫోము వేస్తే త్వరగా అరిగిపోతుంది.

పాత కార్ల సీట్లు తెచ్చి బిగిస్తే చౌకగా అవుతుంది కదా?

అదే మోడలు, అదే తరం సీటు అయితేనే. బోల్టు రంధ్రాలు కలవలేదని వెల్డింగు చేసి కలపడం ప్రమాదం, ఎందుకంటే ఢీకొన్నప్పుడు మనిషిని పట్టి ఉంచేవి ఆ బోల్టులే, కొన్ని కార్లలో బెల్టు బకిలు కూడా సీటుకే ఉంటుంది. సీటు నీటిలో మునిగిన కారుదేమో చూడండి: కింది ఇనుము, స్ప్రింగులు ఒకే ఎత్తు వరకు తుప్పు పట్టి ఉండటం దాని గుర్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి నుంచి ఉన్న కార్లు కొనేవారు బెల్టును చివరి దాకా లాగి, లోపల మట్టి గీత ఉందేమో కూడా చూడాలి.

## కుట్టించేటప్పుడు

కుషన్ షాపులో పని ఇచ్చేటప్పుడు ఏమేం మాట్లాడుకోవాలి?

పాత కవరును విప్పి, దాని ముక్కలనే నమూనాగా పెట్టి కోయమని చెప్పండి. కంటి అంచనాతో కోసిన కవరు మూలల్లో ముడతలు పడుతుంది. దారం పాలియెస్టరుది కావాలని అడగండి, నూలు దారం చెమటకూ తేమకూ కుళ్లిపోతుంది. కుట్టు మరీ దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వెంట రెగ్జిన్ చినిగిపోతుంది, అందుకని దగ్గర కుట్టే గట్టి కుట్టని అనుకోవద్దు. కవరును ఫోముకు పట్టి ఉంచే లోపలి తీగలు, ఇనుప రింగులు తుప్పు పట్టి ఉంటే కొత్తవి వేయించాలి. సీటు విప్పి ఉన్నప్పుడే ఇనుప ఫ్రేము తుప్పు గీయించి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూత, పైన పెయింటు వేయించండి. ఇంత తక్కువ ఖర్చులో ఆ అవకాశం మళ్లీ రాదు. మెటీరియలు, ఫోము రకం, సీటుకు ఎంత అనేది కాగితం మీద రాయించుకోండి.

సీటు ఎత్తు పెంచమని చెప్పవచ్చా?

కొద్దిగా పెంచవచ్చు. కానీ ముందు అంచు వెనుక భాగం కంటే ఎత్తుగా ఉండే కంపెనీ వాలును మాత్రం మార్చనివ్వకండి. ముందు అంచు చదునుగా అయితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు నడుము బెల్టు కింద నుంచి శరీరం ముందుకు జారుతుంది. ఎత్తు పెంచాక తల వెనుక దిండు తల వెనుకకే వస్తోందా, క్లచ్ పూర్తిగా నొక్కగలుగుతున్నారా అని కూర్చుని చూసుకున్న తర్వాతే కుట్టు పూర్తి చేయించండి.

సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంది. కవరు వేయవచ్చా?

ఆ వైపు తెరిచి ఉన్న కవరు, లేదా ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట విడిపోయేలా కుట్టిన కవరు తప్ప వేరేది వేయకూడదు. మామూలు కుట్టుతో ఆ పక్కను మూసేస్తే ఎయిర్‌బ్యాగు సమయానికి బయటికి రాదు. ఎడమ సీటులో మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సరు పొర ఉంటే దాన్ని మడత పెట్టకుండా, అదే స్థానంలో ఉంచమని పనివారికి ముందే చెప్పండి.

సీటు ముందుకూ వెనక్కూ సరిగా జరగడం లేదు. కుట్టేవారే చూస్తారా?

అడగాలి, లేకపోతే చూడరు. రైలు మీద ఇసుక, జుట్టు, ఎండిన గ్రీజు తీసి కొత్తగా పల్చటి గ్రీజు రాయించండి. బిగించాక రెండు వైపుల గొళ్లేలూ పడుతున్నాయా అని సీటును బలంగా ఊపి చూడండి.

## పని అయ్యాక

కొత్త సీటు మీద పాలిథీన్ కవరు కొన్నాళ్లు ఉంచవచ్చా?

ఉంచవద్దు. దాని కింద చెమట, తేమ ఆరక బూజు పడుతుంది, మెరిసే పాలిథీన్ మీద మనిషి జారతాడు కూడా. మురికి భయం ఉంటే నూలు తువ్వాలు పరిచి వారం వారం ఉతకండి.

జిగురు వాసన తల తిప్పుతోంది. ఎన్నాళ్లుంటుంది?

రబ్బరు జిగురులోని ద్రావకం ఆవిరయ్యే వరకు ఉంటుంది. కొన్ని రోజులు నీడలో అద్దాలు దింపి ఉంచండి. ఆ రోజుల్లో పిల్లలతో దూర ప్రయాణం పెట్టుకోకండి, ఏసీలో బయటి గాలి వచ్చేలా ఉంచండి.

వానాకాలంలో సీట్ల నుంచి ముక్కిపోయిన వాసన వస్తోంది. ఏం చేయాలి?

సెంటు సీసా పెట్టడం కంటే ముందు తడి ఎక్కడిదో వెతకండి. ఎడమ వైపు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. తలుపుల పక్కన తడి ఉంటే తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు, రబ్బరు బీడింగు చూడాలి. కార్పెట్ ఎత్తి, కింద ఉన్న దళసరి పొరను తీసి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పైన ఆరినట్టు కనిపించినా ఆ పొర వారాల పాటు తడిగానే ఉంటుంది. గుడ్డ సీటు మీది బూజును బయట నిలబడి, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులిపి, పల్చటి షాంపూ నీటితో తుడిచి, అద్దాలు తెరిచి ఆరనివ్వండి.

సీట్లు, డ్యాష్‌బోర్డు శుభ్రానికి ఏం వాడాలి?

రెగ్జిన్‌కూ, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌కూ కొద్ది చుక్కల షాంపూ కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. చెమట ఉప్పు పేరుకునే డ్రైవరు సీటును వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. మెరుపునిచ్చే సిలికాన్ పాలిషును డ్యాష్‌బోర్డు పైభాగానికి రాయకండి, పగలు ముందు అద్దంలో డ్యాష్‌బోర్డు నీడ కనిపించి కళ్లకు అడ్డం వస్తుంది. స్విచ్‌ల మీద, మీటరు అంచుల మీద ఏ ద్రవాన్నీ నేరుగా చల్లకుండా గుడ్డ మీద వేసుకుని తుడవాలి. ఎండలో నిలిపే కారుకు ముందు అద్దం లోపల ఎండ అట్ట తప్పకుండా పెట్టండి.